ట్రినిడాడ్ - టొబాగో: తారు సరస్సుగల ద్వీప రాజ్యము

వెస్టిండీస్ అనగానే మనవారికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది క్రికెట్ ఆట. 1971వ సంవత్సరమున భారత జట్టు వెస్టిండీస్ జట్టును టెస్టు పోటీలో మొట్టమొదటిసారి ఓడించినది పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరమున. వెస్టిండీస్ అనునది ఒక దేశము కాదు. అది కరేబియన్ సముద్రమున చెల్లాచెదరుగా ఉన్న అనేక దీవుల సముదాయము. వాటిలో పెక్కు దీవులు నేడు వేర్వేరు స్వతంత్ర రాజ్యములు. ఆటకు మాత్రము ఒక్క జట్టుగా కూడి వచ్చుచున్నవి. అందులో దక్షిణపు కొసన, దక్షిణ అమెరికా ఖండమును ఆనుకొన్నట్లుగా నున్న రాజ్యము ట్రినిడాడ్ - టొబాగో. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ దాని రాజధాని.

ఈ రెండు దీవులును కలిసి సుమారు 5,128 చదరపు కిలోమీటర్లు. మనవైపు ఒక జిల్లా ఉండునంత విస్తీర్ణము. జనసంఖ్య ఇంచుమించు 14 లక్షలు. పెద్దదైన ట్రినిడాడ్ వెనిజులా దేశపు తీరమునకు మిక్కిలి చేరువగా నున్న చోట వాటి నడుమ దూరము పదకొండు కిలోమీటర్లు మాత్రమే. టొబాగో ఈశాన్య దిక్కున నున్న చిన్న దీవి. జూన్ నుండి డిసెంబరు వరకు వానలు. జనవరి నుండి మే వరకు పొడి వాతావరణము. కరేబియన్ దీవులను ఏటేట పీడించు పెనుతుఫానులు సాధారణముగా ఈ రాజ్యమునకు ఉత్తరముగా సాగిపోవుచుండును. అయినను 1963లో ఫ్లోరా తుఫాను టొబాగోను ఛిన్నాభిన్నము చేసినది.

భూమి చిన్నదైనను దాని కథ చిన్నది కాదు. భూగర్భ సంపద చేతికి వచ్చినపుడు ఒక సమాజము దానిని ఎట్లు వాడుకొన్నది, అది తరిగిపోవుచుండగా ఏమి చేయుచున్నది అను ప్రశ్నకు ఈ రాజ్యము ఒక ప్రత్యక్ష నిదర్శనము. ఇసుక, కంకర, రాతి క్వారీల సీనరేజి వాటాను ఆదాయముగా పొందు మన గ్రామ పంచాయతీలకు ఆ ప్రశ్న పరాయిది కాదు.

ఎవరు వచ్చిరి, ఎట్లు వచ్చిరి

1498లో కొలంబస్ తన మూడవ సముద్రయాత్రలో ఈ దీవిని చేరి ట్రినిడాడ్ అని పేరు పెట్టెను. అప్పటికే అచ్చట ఆదిమవాసులు నివసించుచుండిరి. స్పెయిన్ వారి పాలన 1797 వరకు సాగినది. ఆ యేట బ్రిటిషువారు దీవిని వశపరచుకొనిరి. అంతకు ముందే, 1783లో స్పెయిన్ రాజు ఇచ్చిన ఫర్మానా వలన ఫ్రెంచి తోటల యజమానులు ఆఫ్రికా బానిసలను వెంటబెట్టుకొని వచ్చి స్థిరపడిరి. టొబాగో కథ వేరు. అది పలుమార్లు చేతులు మారి, 1889లో ట్రినిడాడ్‌తో జత చేయబడినది.

చెరకు తోటలన్నియు బానిసల చెమటతో నడచినవి. 1834లో బానిసత్వము రద్దయినది. 1838 నాటికి వారు పూర్తిగా విముక్తులైరి. విముక్తులైనవారు అవే తోటలలో, అవే యజమానుల క్రింద, వారిచ్చిన కూలికి పనిచేయుటకు ఇష్టపడలేదు. ఇందులో వింత యేమున్నది? అప్పుడు తోటల యజమానుల చూపు మన దేశముపై పడినది. 1845 మే 30వ తేదీన ఫతేల్ రజాక్ అను ఓడ కలకత్తా నుండి ఇంచుమించు 225 మంది భారతీయులతో ట్రినిడాడ్ రేవు చేరినది. అది మొదలు 1917 వరకు సుమారు 1,43,000 మంది ఒప్పంద కూలీలుగా వచ్చిరి. వారిలో అత్యధికులు నేటి ఉత్తరప్రదేశ్, బీహారు ప్రాంతములవారు. కొన్ని ఓడలు మదరాసు నుండియు బయలుదేరినవి. వాటిలో తమిళులతోబాటు తెలుగువారును ఉండిరి. అచ్చట వారందరికిని కలిపి మదరాసీలు అను ఒక్క పేరే మిగిలినది.

ఒప్పందము అయిదేండ్లకు. ఆ అయిదేండ్లును ఒకే తోటకు కట్టుబడి యుండవలెను. అనుమతి చీటీ లేక తోట దాటి బయట కనిపించినవానికి జైలు. పదేండ్లు గడచిన పిమ్మట తిరుగు ప్రయాణమునకు హక్కు ఉండెడిది. 1869 నుండి కొంతకాలము, ఆ హక్కును వదలుకొన్నవారికి సర్కారు భూమి నిచ్చిరి. ఈ భూములలోనే భారతీయుల గ్రామములు వెలసినవి. ట్రినిడాడ్ పటమును విప్పి చూచినచో ఫైజాబాద్, బారక్‌పూర్, మద్రాస్, కోరమాండల్ అను పేర్లు కానవచ్చును. దక్షిణమున శాన్ ఫెర్నాండో పట్టణమునకు సమీపమున గోల్కొండ యను ఊరు సైతము కలదు!

నేడు ఆ రాజ్యపు జనులలో భారత సంతతివారును ఆఫ్రికా సంతతివారును ఇంచుమించు సరిసమానముగా ఉన్నారు. ఉభయ సంతతులకు పుట్టినవారును గణనీయముగా కలరు. 1962 ఆగస్టు 31న స్వాతంత్ర్యము, 1976లో రిపబ్లిక్ హోదా లభించినవి. తొలి ప్రధాని ఎరిక్ విలియమ్స్ చరిత్రకారుడు. 1981లో మరణించు వరకు ఆయనే ప్రధాని. 1995లో ప్రధానియైన బాస్‌దేవ్ పాండే చెరకు కార్మికుల సంఘపు నాయకుడు, భారత సంతతివాడు. 2010లో ప్రధాని పదవి నధిష్ఠించిన మొదటి మహిళ కమలా పెర్సాద్ బిసేసర్. 2025లో ఆమె మరల ప్రధాని యైనది. 2001లో నోబెల్ సాహిత్య బహుమానము పొందిన వి.ఎస్. నైపాల్ పుట్టినది చెరకు తోటల నడుమనున్న చగ్వానాస్‌లో.

నడచి తిరుగగల సరస్సు

ట్రినిడాడ్ నైరుతి తీరమున లా బ్రేయా అను ఊరు కలదు. స్పానిషు భాషలో ఆ మాటకు తారు అనియే అర్థము. అచ్చట సుమారు వంద ఎకరములలో ప్రకృతి సిద్ధమైన తారు సరస్సు వ్యాపించి యున్నది. లోతు సుమారు 75 మీటర్లు. చూచుటకు ఎండిన చెరువు వలె, ముడతలుపడిన ఏనుగు చర్మము వలె నుండును. దానిపై మనుష్యులు నడువవచ్చును. ముడతల నడుమ వాననీరు నిలిచి చిన్న మడుగులుగా నుండును. ఒకచోట తారును త్రవ్వి తీసినచో కొలది దినములలో చుట్టుప్రక్కల నుండి మెల్లగా జరిగివచ్చి ఆ గుంత పూడిపోవును. అందువలన ఇది తరుగని గని యని మొదట అనేకులు భ్రమపడిరి. గుంత పూడుచున్నది గాని సరస్సు మట్టము తగ్గుచునే యున్నది.

1595లో ఆంగ్ల నావికుడు వాల్టర్ రాలీ ఈ తారుతో తన ఓడల సందులు పూడ్చుకొనెను. పందొమ్మిదవ శతాబ్దమున ఇది దేశదేశములకు ఎగుమతి యైనది. 1876లో వాషింగ్టన్ నగరమునందలి పెన్సిల్వేనియా రాజవీథికి పరచినది ఈ తారే. అమెరికా రాజధాని వీథులను నునుపు చేసిన లా బ్రేయా ఊరు మాత్రము నేటికిని ఆ దీవిలోని బీద ప్రాంతములలో ఒకటి. అడుగున తారు కదలుచుండుటచే అచ్చటి ఇండ్లు ఒరిగి, గోడలు బీటలు వారుచుండును. సంపద పుట్టినచోట సంపన్నత పుట్టవలెనన్న నియమము లేదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

చమురు, వాయువు

తారు ఉన్నచోట చమురు ఉండును. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగముననే లా బ్రేయా దగ్గర బావి త్రవ్విరి గాని, వాణిజ్య ఫాయాలో ఉత్పత్తి ఇరువదవ శతాబ్దారంభమున మొదలైనది. 1917లో పాయింట్-ఆ-పియెర్ వద్ద శుద్ధి కర్మాగారము వెలసినది. బావుల వద్ద పనిచేయువారి జీతములు తక్కువ, బాధలు ఎక్కువ. 1937 జూన్ 19న ఫైజాబాద్‌లో యూరయా బట్లర్ నాయకత్వమున చమురు కార్మికులు సమ్మె చేసిరి. ఆ తేదీ నేడు అచ్చట కార్మిక దినోత్సవముగా సెలవు దినము.

1970 ప్రాంతమున తూర్పు సముద్రగర్భమున చమురు దొరకినది. 1973లో ప్రపంచమంతట చమురు ధర పెరిగినది. ఖజానా నిండినది. ప్రభుత్వము రోడ్లు, పాఠశాలలు, కర్మాగారములు నిర్మించినది. నష్టములలో నున్న చెరకు సంస్థను కొని పోషించినది. సరుకుల ధరలకు రాయితీలిచ్చినది. 1978లో ఉత్పత్తి శిఖరమునకు చేరినది, దినమునకు సుమారు 2,30,000 పీపాలు. ఆ తరువాత అది తగ్గుచు వచ్చినది. 1980 తరువాత ధరయు పడిపోయినది. మంచి రోజులలో పెంచుకొన్న ఖర్చులు మాత్రము తగ్గలేదు. 1985లోను, 1988లోను నాణెపు విలువ తగ్గించవలసి వచ్చినది. అంతర్జాతీయ ద్రవ్యనిధిని అప్పు కోరవలసి వచ్చినది. 1989లో ప్రభుత్వోద్యోగుల జీతములలో పదవ వంతు కోత విధించిరి. చమురు దొరకిన దేశమునకు ఇట్టి గతి పట్టుట వింతగా తోచును గాని, ఇది ట్రినిడాడ్ ఒక్కదాని కథ కాదు.

తరువాత సహజవాయువు ఆదుకొన్నది. పాయింట్ లిసాస్ వద్ద ఆ వాయువుతో అమ్మోనియా, మెథనాల్ చేయు కర్మాగారములు వెలసినవి. మన రైతులు పొలమున చల్లు యూరియాకు మూలము అమ్మోనియాయే. సహజవాయువును ఆవిరితో కలిపి వేడిచేసి హైడ్రోజన్ రాబట్టుదురు. గాలి నుండి నైట్రోజన్ తీయుదురు. ఈ రెండింటిని గొప్ప ఒత్తిడిలో కలిపిన అమ్మోనియా తయారగును. ప్రపంచ విపణికి అమ్మోనియా పంపు ప్రధాన దేశములలో ఈ చిన్న రాజ్యము ఒకటిగా ఎదిగినది. 1999 నుండి పాయింట్ ఫోర్టిన్ వద్ద వాయువును సున్నకు దిగువ సుమారు 160 డిగ్రీల చలికి దింపి, ద్రవముగా మార్చి ఓడలలో ఎగుమతి చేయుచున్నారు. ఆరు వందల కుండల వాయువు అట్లు ఒక్క కుండకు సరిపోవును.

ఇదియు తరుగనిది కాదు. 2010లో శిఖరమునకు చేరిన వాయూత్పత్తి పిదప బాగుగా తగ్గినది. చాలిన వాయువు లభింపక పాయింట్ ఫోర్టిన్ నాలుగు యంత్రశాలలలో మొదటిది 2020లో ఆగిపోయినది. అంతకు ముందే, 2018లో, నష్టములు భరింపలేక నూరేండ్ల వయసు గల పాయింట్-ఆ-పియెర్ శుద్ధి కర్మాగారమును మూసివేసిరి. వేలాది కుటుంబములకు ఉపాధి పోయినది. నేడు ఆ దేశము పెట్రోలును దిగుమతి చేసికొనుచున్నది.

మొదటి దెబ్బ నుండి నేర్చిన పాఠము ఒకటి మాత్రము చట్టరూపము దాల్చినది. 2007లో వారసత్వ, స్థిరీకరణ నిధి యను దానిని శాసనముచే స్థాపించిరి. బడ్జెటులో అంచనా వేసిన దానికంటె చమురు, వాయువుల ఆదాయము అధికముగా వచ్చినచో ఆ అధికములో కనీసము 60 శాతము ఏటేట నిధికి జమ చేయవలెను. ఆదాయము అంచనాకు పది శాతమో అంతకు మించియో తగ్గిన సంవత్సరముననే తీయవచ్చును. అదియు లోటులో 60 శాతము గాని, నిధిలో నాల్గవ వంతు గాని, ఏది తక్కువైన అంత మాత్రమే. నిల్వ వంద కోట్ల అమెరికా డాలర్లకు దిగువ పడరాదు. 2016, 2017 సంవత్సరములలో దీనినుండి సొమ్ము తీసిరి. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు చట్టమును సవరించి మరల తీసిరి. ఇట్లు సవరించుచు పోయిన నిధి నిలుచునా యని అచ్చట వాదోపవాదములు కలవు. కాని ఆ వ్యాధి కాలమున తీయుటకు పెట్టెలో సొమ్మనునది ఉన్నది. 1980 తరువాతి కరవులో అదియు లేదు.

చెరకు పోయిన పొలము, కోకో

మనవారిని ఆ దీవికి రప్పించిన చెరకు నేడు అచ్చట పరిశ్రమగా లేదు. కరోనీ అను ప్రభుత్వ చెరకు సంస్థ 2003లో మూతపడినది; 2007లో చివరి పంచదార మిల్లు నిలిచిపోయినది. సుమారు 9,000 మంది కార్మికులు పని కోల్పోయిరి. సంస్థ క్రింద డెబ్బదివేల ఎకరములకు పైబడిన భూమి ఉండెను. పని పోయినవారికి రెండేసి ఎకరముల సాగుభూమి కౌలుకు ఇత్తుమని ప్రభుత్వము మాట ఇచ్చినది. పట్టాలు అందుటకు ఏండ్లు పట్టినది. కొందరు కోర్టులకు ఎక్కవలసి వచ్చినది. అందిన పొలములకు కొన్నిచోట్ల దారి లేదు, నీరు లేదు. తరములుగా కూలికి చెరకు కొట్టినవాడు ఒక దినమున రైతు కాలేడు. విత్తనము, నీరు, బాట, బజారు నాలుగును కావలెను. కొంత భూమి ఇండ్ల స్థలములకు, కర్మాగారములకు పోయినది. ఆహారపదార్థములలో అధికభాగము నేడు బయటి దేశముల నుండియే వచ్చుచున్నది.

కోకో కథ కొంత ఊరట కలిగించును. 1727లో ఏదో తెగులు వచ్చి ట్రినిడాడ్‌లోని క్రియోయో జాతి కోకో తోటలు నశించినవి. తరువాత బయటనుండి తెచ్చిన ఫొరాస్టెరో జాతి, మిగిలిన పాత చెట్లతో కలిసి, ట్రినిటారియో అను క్రొత్త జాతి ఏర్పడినది. పాతదాని రుచియు, క్రొత్తదాని గట్టిదనమును దానికి అబ్బినవి. 1928లో వచ్చిన మంత్రగత్తె చీపురు అను తెగులు, దానికి తోడు ధరల పతనము ఈ పంటను కుంగదీసినవి. అయినను సెయింట్ అగస్టిన్‌లోని విశ్వవిద్యాలయము వేలకొలది కోకో రకములను సజీవ వృక్షములుగా ఒక తోటలో కాపాడుచున్నది. మన గోదావరి జిల్లాలలో కొబ్బరి నీడన కోకో పెంచు రైతులకు ఈ మాట ఆసక్తి కలిగింపవచ్చును. ట్రినిడాడ్‌లో గింజలను పక్కకు జరుపగల కప్పు క్రింద ఎండబెట్టుదురు; ఎండ వచ్చిన కప్పు తీసి, చినుకు పడిన మూయుదురు. పూర్వము కూలీలు వట్టి కాళ్లతో ఆ గింజలను త్రొక్కి మెరుగుపెట్టుచుండిరి. దానిని కోకో నృత్యము అనెడివారు.

చమురు పీపా నుండి వాద్యము

ఆఫ్రికా సంతతివారి డోళ్లపై బ్రిటిషు ప్రభుత్వము 1884లో నిషేధము విధించెను. వారు వెదురు బొంగులను నేలపై మోదుచు తాళము వేసికొనిరి. 1930 తరువాత డబ్బాలు, రేకులు, పిమ్మట చమురు పీపాలు వచ్చినవి. పీపా మూతను సుత్తితో గిన్నెవలె లోనికి సాగగొట్టి, దానిలో స్వరమునకొక గడి చొప్పున గీసి, కాల్చి, సుత్తితోనే శ్రుతి చేయుదురు. 1951లో ఈ స్టీల్ పాన్ మేళమొకటి లండన్ ఉత్సవమునకు వెళ్లి ప్రేక్షకులను ఆశ్చర్యపరచినది. బీదపేటల కుర్రవాండ్ర అల్లరిగా మొదట నిందింపబడినది నేడు ఆ దేశపు జాతీయ వాద్యము. క్రైస్తవుల లెంట్ ఉపవాసమునకు ముందు రెండు దినములు జరుగు కార్నివాల్ ఉత్సవమునకు అదే ప్రాణము.

దీపావళి 1966 నుండి అచ్చట సెలవు దినము. మే 30 భారతీయుల ఆగమన దినము. మొహర్రం ఊరేగింపును అచ్చట హోసే అందురు. మన పీర్ల పండుగ వలెనే అందులో హిందువులును పాల్గొనుట పూర్వమునుండి కలదు. 1884 అక్టోబరు 30న, నిషేధాజ్ఞను లెక్కచేయక తాజియాలతో శాన్ ఫెర్నాండో పట్టణమునకు నడచిన తోట కూలీలపై పోలీసులు కాల్పులు జరిపిరి. కనీసము పదహారుగురు మరణించిరి. నూరుమందికి పైగా గాయపడిరి. ఇక తిండి మాటకు వచ్చిన, దాల్‌పూరీ, రోటీ అచ్చట అందరి ఆహారము. మెత్తని బడాల నడుమ శనగల కూర పెట్టి ఇచ్చు డబుల్స్ తినని వాడుండడు.

1963లో ప్రధాని ఎరిక్ విలియమ్స్ ఉత్తమ గ్రామ పోటీలను ప్రారంభించిరి. గ్రామ మండలులు తమ ఆటపాటలు, నాటకములు, చేతిపనులు, వంటలతో పోటీపడును. ఉత్సవము ముగిసిన పిమ్మట గ్రామములకు ఏమి మిగులుచున్నదని విమర్శించువారు లేకపోలేదు గాని, మరుగునపడిన జానపద నృత్యములనేకము ఈ పోటీల వలననే బ్రతికినవి.

వాన కొరకు ఒక అడవి, తాబేళ్ల కొరకు ఒక ఊరు

టొబాగో దీవి వెన్నెముక వలె నడుమ ఒక కొండవరుస సాగియున్నది. 1776 ఏప్రిల్ 13న ఆ కొండ అడవిని నరకరాదని శాసనము చేసిరి. తరచుగా వానలు పడుటకు అడవి అవసరమని ఆ శాసనమే కారణము చెప్పినది. చెట్టుకు వానకు సంబంధమున్నదని వ్రాసిన స్టీఫెన్ హేల్స్ అను శాస్త్రజ్ఞుని మాటను పట్టుకొని, సోమ్ జెనిన్స్ అను పార్లమెంటు సభ్యుడు పట్టువిడువక వాదించి దీనిని సాధించెను. తోటల యజమానులకు అదే నేలలో చెరకు నాటవలెనని ఆశ. వారి చెరకు నేడు లేదు, అడవి ఉన్నది. పశ్చిమార్ధ గోళమున చట్టము కాపాడుచున్న అడవులలో ఇదియే ప్రాచీనమైనదని చెప్పుదురు. 1963 నాటి తుఫాను చెట్లను పెద్దయెత్తున కూల్చివేసినను, నరికివేతకు మాత్రము దానిని ఇయ్యలేదు. అడవి మరల మొలచినది.

ట్రినిడాడ్ ఈశాన్య తీరమున మతూరా అను ఊరు కలదు. తోలువీపు తాబేళ్లు అను మహాకాయములు, ఒక్కొక్కటి 300 కిలోలకు మించినవి, మార్చి నుండి ఆగస్టు వరకు రాత్రివేళ ఆ ఇసుకతీరము చేరి గ్రుడ్లు పెట్టును. మన కోస్తాకు వచ్చు ఆలివ్ రిడ్లే తాబేళ్లు వీటి ముందు పిల్లలు. మతూరా తీరమున ఒకప్పుడు గ్రుడ్లు పెట్టుటకు వచ్చిన తల్లులనే మాంసమునకై నరికి, మిగిలినది కుళ్లుటకు వదలిపెట్టెడివారు. 1990లో ప్రభుత్వము ఆ తీరమును రక్షిత ప్రాంతముగా ప్రకటించినది. కాపలాకు బయటివారిని పెట్టక ఊరివారినే పిలిచినది. నేచర్ సీకర్స్ అను గ్రామ సంఘము అదే యేట ఏర్పడి రాత్రుల గస్తీ ప్రారంభించినది. ఆ సంఘము వారు తాబేళ్లను కొలుచుదురు, గుర్తు బిళ్లలు తొడుగుదురు, యాత్రికులకు దారి చూపి రుసుము తీసికొందురు. 2011లో తాబేళ్ల వేటను దేశమంతట సంవత్సరము పొడవున నిషేధించిరి. సముద్రమున బెస్తల వలలలో చిక్కి చచ్చు తాబేళ్ల సమస్య ఇంకను తీరలేదు. వల చినిగిన బెస్తకును నష్టమే గనుక అది తేలికగా తెగునది కాదు. తీరమున మాత్రము చంపుట దాదాపు ఆగిపోయినది. గ్రుడ్లు పెట్టు ఆ ఆరు నెలలు ఎవరైనను, ఆ ఊరివారైనను సరే, రాత్రి ఆ ఇసుకలో అడుగిడుటకు అనుమతి పత్రము తీసికొనవలసినదే.